ఏ కొటేషన్ తక్కువ?



కారు ఇన్సూరెన్స్ గడువు ఇంకో నెలలో అయిపోతుందనగానే ఫోన్ మోగడం మొదలవుతుంది. షోరూం నుంచి ఒకరు, కాల్ సెంటర్ నుంచి ఒకరు, ఆర్టీఏ ఆఫీసు ముందు జిరాక్స్ షాపు పక్కన కూర్చునే ఏజెంటు తమ్ముడు ఒకరు. ఒకరు 8,170 అంటారు, ఇంకొకరు 7,650 అంటారు. తమ్ముడేమో, "అన్నా, నువ్వు గాబట్టి చెప్తున్న, ఆరువేల తొమ్మిదొందలకు జేయిస్త. గీ రేటు యాడ దొరకది" అంటాడు. బండి ఒకటే, ఊరు ఒకటే, ఏడాదీ ఒకటే. మరి రేటు మూడు తీర్లుగా ఎందుకుంది? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కారున్నవాళ్లను మనసులో పెట్టుకుని ఈ పూట ఆ లెక్క విప్పి చూద్దాం. కంపెనీల పేర్లు మాత్రం నేను చెప్పను. ఇది రేడియో కదా!

పాలసీ కాగితం ఒకటే అయినా అందులో రెండు వేర్వేరు బేరాలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ. మన కారు తగిలి ఎదుటి మనిషికి దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ట్రిబ్యునల్ వేసే పరిహారం మన తరఫున కంపెనీ కడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎక్కి దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జరిమానా. మూడు నెలల వరకు జైలుశిక్ష కూడా చట్టంలో ఉంది. ఈ థర్డ్ పార్టీ రేటు కంపెనీ చేతిలో ఉండదు, కేంద్ర ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక చూడండి: సొంత కారు 1000 సీసీ లోపుంటే 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, అది దాటితే 7,897. వీటి మీద జీఎస్టీ. భూపాలపల్లిలో కట్టినా, ఫోన్‌లో కట్టినా, ఏ కంపెనీకి కట్టినా ఇంతే. కాబట్టి ఎవరైనా "థర్డ్ పార్టీ సగానికే చేయిస్త" అన్నారంటే ఆ కాగితం మీద అనుమానపడాల్సిందే. మోటారు సైకిల్ పాలసీ తీసి కంప్యూటర్లో అక్షరాలు మార్చి కారు పాలసీగా అంటగట్టే మోసాలు ఉన్నాయి. పాలసీ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తే కంపెనీ రికార్డు తెరుచుకోవాలి. ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టినా ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. డబ్బు కట్టిన వారంలోపే చూసుకోవడం మంచిది, పోలీసులు ఆపినప్పుడు కాదు.

రెండోది ఓన్ డ్యామేజ్, మన బండికి మనం చేయించుకునే బీమా. 2006 చివరిదాకా దీనికీ దేశమంతా ఒకటే టారిఫ్ ఉండేది. 2007 జనవరి 1 నుంచి వదిలేశారు. అప్పటి నుంచి ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీది. ఆ లెక్కల మీద కన్నేసి ఉంచే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. ఓన్ డ్యామేజ్ రేటు కంపెనీల చేతిలో ఉంది కాబట్టి పోల్చి చూడటం, బేరమాడటం అన్నీ ఈ రెండో భాగంలోనే. మొత్తం అంకెను పోల్చేవాడికి ఈ సంగతి కనిపించదు.

ఇప్పుడు ఆ మూడు కొటేషన్లను బల్ల మీద పరుద్దాం. ఉదాహరణకు కారు 1197 సీసీ పెట్రోలు బండి, కొత్తది 8 లక్షలు, నాలుగేళ్లు నిండాయి, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. టారిఫ్ పద్ధతిలో నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు బండికి సగం ధర తరుగుతుంది, అంటే విలువ 4 లక్షలు. దీన్నే ఐడీవీ అంటారు. కారు దొంగలెత్తుకుపోయినా, బాగు చేయడానికి వీల్లేనంతగా నుజ్జయినా కంపెనీ ఇచ్చేది ఈ ఐడీవీ లెక్కలోనే. మన జిల్లాల్లో రిజిస్టరైన ఇలాంటి బండికి పాత టారిఫ్ రేటు నూటికి 3.191. చాలా కంపెనీలు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెట్టి డిస్కౌంట్ తగ్గిస్తాయి. డిస్కౌంట్ సగం అనుకుందాం. 4 లక్షల మీద 12,764, అందులో సగం 6,382. నాలుగేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్ 45 శాతం పోను 3,510. దానికి థర్డ్ పార్టీ 3,416 కలిపి 18 శాతం జీఎస్టీ వేస్తే 8,173. మొదటి కొటేషన్ అదీ.

రెండోది 7,650 ఎలా వచ్చింది? డిస్కౌంట్ అంతే, బోనస్ అంతే, ఐడీవీ మాత్రం మూడున్నర లక్షలు వేశారు. మీకు మిగిలింది 520 రూపాయల లోపు. బండి పోతే తగ్గేది 50,000. ఈ బేరం మీకు నచ్చితే నాకు అభ్యంతరం లేదు. కానీ తెలిసి చేసుకోవాలి కదా! కొటేషన్ ఇచ్చేవాళ్లు కింది అంకెనే పెద్దగా చూపిస్తారు, ఐడీవీ అడిగితే తప్ప చెప్పరు.

ఇక మన తమ్ముడి 6,900. ఐడీవీ 3 లక్షలకు దింపాడు, అది ఒకటి. రెండోది ఇంకా చమత్కారం. బోనస్ గడిలో 45కి బదులు 50 వేశాడు. ఈ బోనస్ మొదటి ఏడాది క్లెయిమ్ లేకుంటే 20, తర్వాత 25, 35, 45, ఐదో ఏటికి 50, ఇలా మెట్లెక్కుతుంది. మనది నాలుగో మెట్టు. "ఒక్క మెట్టేగదన్నా, ఎవడు జూస్తడు" అంటాడు తమ్ముడు. ఎవరూ చూడరు, క్లెయిమ్ వచ్చేదాకా. వచ్చిన రోజు కొత్త కంపెనీ పాత కంపెనీని అడుగుతుంది. లేని బోనస్ చూపించారని తేలితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ మొత్తానికే ఎసరు వస్తుంది.

ఈ బోనస్ విషయంలో ఎక్కువ దెబ్బతినేది సెకండ్ హ్యాండ్ కార్లు కొన్నవాళ్లు. బోనస్ బండిది కాదు, మనిషిది. హైదరాబాద్‌లో ఒకాయన అయిదేళ్లు జాగ్రత్తగా నడిపి 50 శాతం సంపాదించుకుంటే అది ఆయనతోనే ఆయన కొత్త కారుకు వెళ్తుంది. ఆ బండి కొని జనగామకు తెచ్చుకున్నవాడికి బోనస్ సున్నా నుంచి మొదలు. బండి కొన్న 14 రోజుల్లోగా పాలసీ పేరు మార్చమని కంపెనీకి రాసివ్వాలి. థర్డ్ పార్టీ భాగం చట్టప్రకారం దానంతటదే కొన్నవాడికి బదిలీ అవుతుంది కానీ, ఓన్ డ్యామేజ్ కాదు. ఆర్సీ మీద ఒక పేరు, పాలసీ మీద ఇంకో పేరు పెట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగే బండ్లు మన సంతల దగ్గర ఎన్ని కావాలంటే అన్ని కనిపిస్తాయి. వాటికి రెండూ కలిపి కట్టే ఫుల్ ఇన్సూరెన్స్‌లో సగం భాగం ఉత్త కాగితం.

హైదరాబాద్ బండి అన్నాను కాబట్టి ఒక చిన్న మాట. టారిఫ్‌లో దేశాన్ని రెండు జోన్లుగా చేశారు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది పెద్ద నగరాలు ఏ జోన్, మిగతా దేశమంతా బీ జోన్. ఇందాకటి బండే హైదరాబాద్‌లో రిజిస్టరై ఉంటే రేటు నూటికి 3.283. తేడా పైసల్లోనే, డిస్కౌంటూ బోనసూ పోయాక ఏ వంద రూపాయలో మిగులుతుంది. అయినా 25, 26, 27 నంబర్ల సిరీస్‌లున్న మనకు రాజధాని కంటే తక్కువ పడే ఖర్చు ఇదొక్కటైనా ఉందని సంతోషించవచ్చు!

గడువు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే సంపాదించిన బోనస్ అంతా పోతుంది. ఈలోపు కట్టినా, ఒక్కరోజు ఆలస్యమైతే బండిని చూసి ఫొటోలు తీసుకున్నాకే ఓన్ డ్యామేజ్ ఇస్తామంటారు.

అసలు మన ప్రాంతంలో కారుకు ఏం జరుగుతుంది? కొటేషన్లు పోల్చేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మీద పడింది. జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి నిలబడ్డారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. మరిపెడ మండలంలో సీతారాం తండా మునిగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, వంతెన దాటబోయిన కారు వరదలో కొట్టుకుపోయి తండ్రీకూతుళ్ల ప్రాణాలు పోయాయి. ప్రాణం ముందు బండి లెక్కలోది కాదు. వాగు పొంగినప్పుడు ఆగిపోవడమే బీమా. అయితే ఇంటి ముందు పెట్టిన కారు మునగడం వేరే కథ. అలాంటి బండికి థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఒక్క రూపాయి రాదు. వరద నష్టం ఓన్ డ్యామేజ్ కిందికి వస్తుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. నీళ్లు దిగిపోయాక చాలామంది చేసే మొదటి పని కారు తలుపు తీసి తాళం తిప్పడం. ఇంజిన్‌లో నీళ్లుంటే పిస్టన్ పైకొచ్చి ఆ నీళ్లను నొక్కుతుంది. గాలి అయితే నలుగుతుంది, నీళ్లు నలగవు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల పోయిందని కంపెనీ పంపిన సర్వేయర్ రాస్తాడు. మామూలు పాలసీలో దానికి డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ ఉంటే వస్తుంది, దాని షరతులకు లోబడి. హైదరాబాద్ కాల్ సెంటర్ అమ్మాయి ఇది కావాలా అని గడగడా అడిగితే వద్దని చెప్పేస్తాం. వాగు ఒడ్డున, చెరువు కట్ట కింద ఇల్లున్నవాళ్లు మాత్రం ఆ ఒక్కదానికి సరే అనాలని నా అభిప్రాయం. జనగామ వైపు మెరక నేల మీద ఉండేవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు. మునిగిన బండి తాళం మాత్రం ఎవరూ తిప్పకండి. కంపెనీకి ఫోన్ చేసి, ఫొటోలు తీసుకుని, బండిని లాగించుకుపోవాలి.

లాగించుకుపోవడం అంటే ఎక్కడికి? ఇది మన జిల్లాల వాళ్లకే ప్రత్యేకంగా పనికొచ్చే ప్రశ్న. డబ్బు కట్టకుండా బాగు చేయించుకునే క్యాష్‌లెస్ గ్యారేజీలు ఎక్కువగా హనుమకొండ, వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాయి. మామూలు పాలసీలో బండి లాగించే ఖర్చుకు ఇచ్చేది 1,500 రూపాయల వరకే. కాళేశ్వరం దారిలో మహదేవపూర్ అవతల బండికి దెబ్బ తగిలి ఆగిపోతే ఆ డబ్బుకు హనుమకొండ దాకా వచ్చే క్రేన్ దొరకదు. రోడ్డు సైడ్ అసిస్టెన్స్ ఉందని కొటేషన్‌లో రాస్తారు. ఎన్ని కిలోమీటర్ల వరకో అడగండి. మీ బండి బాగు చేయగల క్యాష్‌లెస్ గ్యారేజీ దగ్గర్లో ఏదో పేరు చెప్పమనండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాని కొటేషన్ మూడొందలు తక్కువైనా నేను పక్కన పెడతాను.

భూపాలపల్లి రోడ్డంటే బొగ్గు లారీలు, ఇసుక లారీలు, చేల్పూరు థర్మల్ పవర్ స్టేషన్ వైపు పోయే టిప్పర్లు. ముందు టైరు కింద నుంచి ఎగిరిన రాయి అద్దాన్ని నెర్రెలు చేయడం అక్కడ మామూలే. అద్దం మీద కంపెనీ తరుగు తీయదు, మొత్తం ఇస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద సగం కోస్తుంది. ఇనుప రేకు మీద బండి వయసును బట్టి కోస్తుంది, మన నాలుగేళ్ల బండికి 35 శాతం. ఇప్పుడు ఒక గ్యారేజీ బిల్లు ఊహించండి. ముందు బంపరు 8,000, హెడ్ లైటు 6,000, బానెట్ 10,000, అద్దం 9,000. మొత్తం 33,000. బంపరులో 4,000, లైటులో 3,000, బానెట్‌లో 3,500 కోత. అద్దానికి కోత లేదు. ఇవి కాక 1500 సీసీ లోపు బండికి ప్రతి క్లెయిమ్‌లో 1,000 మనమే పెట్టుకోవాలన్నది నియమం. చివరికి మన జేబులోంచి 11,500 పోతుంది. జనం బంపర్ టు బంపర్ అని పిలుచుకునే నిల్ డిప్రీసియేషన్ తీసుకుంటే ఇదే బిల్లుకు పోయేది ఆ 1,000 మాత్రమే. కాబట్టి ఆ 11,500 మీకు భారమా కాదా అన్నదాన్ని బట్టి ఆ అదనపు ప్రీమియం కట్టాలో లేదో తేల్చుకోండి. కారు పాతబడితే దీన్ని చాలా కంపెనీలు ఇవ్వవు. ఇచ్చినా ధర ముట్టుకోనివ్వదు.

చిన్న దెబ్బలకు క్లెయిమ్ చేయకపోవడమే లాభం. మన ఉదాహరణలో బోనస్ ఒక్కటే జీఎస్టీతో కలిపి ఏడాదికి దాదాపు 3,400 రూపాయలు మిగులుస్తోంది. 3,000 గీతకు క్లెయిమ్ చేసి మెట్లన్నీ దిగి మళ్లీ సున్నా నుంచి ఎక్కడం తెలివైన పని కాదు.

కొత్త కారు కొన్నవాళ్లకు ఒక సంగతి. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఓన్ డ్యామేజ్ మాత్రం ఒక్క ఏడాదికి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే రెండో ఏడు, మూడో ఏడు ఓన్ డ్యామేజ్ ఒక్కటే చాలు, అది ఇంకో కంపెనీ దగ్గర కూడా తీసుకోవచ్చు. ఆ ఏళ్లలో ఎవరైనా థర్డ్ పార్టీ కలిపి కొటేషన్ ఇస్తే ఒకే దానికి రెండుసార్లు డబ్బు గుంజుతున్నట్టు. షోరూంలో కారు కొన్నాం కాబట్టి ఇన్సూరెన్స్ కూడా అక్కడే తీసుకోవాలన్న రూలు లేదు, బలవంతం చేయకూడదని ఐఆర్‌డీఏఐ నిబంధనల్లోనే ఉంది.

జనగామ నుంచి రోజూ రైల్లో సికింద్రాబాద్ పోయి వచ్చే ఉద్యోగి కారు వారమంతా గోడ పక్కనే ఉంటుంది, ఆదివారం యాదగిరిగుట్టకో చుట్టాల ఊరికో కదులుతుంది. ఇలాంటివాళ్లు నడిపినంతకే ప్రీమియం కట్టే పద్ధతి ఉందా అని అడగాలి. 2022 జులైలో ఐఆర్‌డీఏఐ దీనికి ఒప్పుకుంది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని ముందే చెప్తాం, ఓన్ డ్యామేజ్‌లో తగ్గింపు వస్తుంది. ఏజెంట్లు దీన్ని తమంతట తాము చెప్పడం అరుదు.

ఇంట్లో నలుగురూ ఎక్కే కారుకు థర్డ్ పార్టీతో సరిపెట్టేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అందులో ఎదుటివాళ్లకు రక్షణ ఉంది కానీ, మీ కారులో కూర్చున్న మీ అత్తకూ, మేనమామకూ సాధారణంగా ఉండదు. ఫుల్ పాలసీ అయితే లోపల కూర్చున్నవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. పన్నెండేళ్ల పాత కారుకు ఓన్ డ్యామేజ్ దండగని తీసేసే ముందు ఇది ఆలోచించండి. ఇక యజమానే నడిపేటప్పుడు ప్రమాదం జరిగితే 15 లక్షల వ్యక్తిగత బీమా వేరే ఉంటుంది. అది ఒక కొటేషన్‌లో కలిపి, ఇంకోదానిలో తీసేసి ఉంటే ఆ రెండింటినీ పోల్చడమే తప్పు. ఇందాకటి మూడు కొటేషన్లలోనూ దాన్ని నేను కలపలేదు.

మేడారం జాతర వచ్చినా, 2025 మే నెలలో కాళేశ్వరంలో జరిగిన సరస్వతీ పుష్కరాల్లాంటివి వచ్చినా మన ఊళ్లలో తెల్ల ప్లేటు కార్లు చాలా కిరాయికి తిరుగుతాయి. తిరిగేవాళ్లకు ఆ నాలుగు రోజుల సంపాదన పెద్దది, నేను కాదనను. కానీ సొంత వాడకానికి రాసిచ్చిన పాలసీతో కిరాయి తిప్పితే, ప్రమాదం జరిగిన రోజు కారులో ఉన్న భక్తుల వాంగ్మూలమే కంపెనీకి సాక్ష్యమవుతుంది. "మనిషికి రెండొందలిచ్చినం సార్" అని ఒక్కరు చెప్తే చాలు. కిరాయే బతుకుతెరువైతే పసుపు ప్లేటుకు మారి ఎక్కువ ప్రీమియం కట్టడం తప్ప దారి లేదు.

అన్నీ సరిగా ఉండీ కంపెనీ క్లెయిమ్ తొక్కిపెడితే ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ కదలకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా, టోల్ ఫ్రీ నంబరు 155255. అక్కడా తేలకపోతే హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. కావలసింది పాలసీ కాపీ, కంపెనీకి మీరు రాసిన ఉత్తరం, వాళ్లిచ్చిన జవాబు. ఏజెంటు తమ్ముడు ఫోన్‌లో ఇచ్చిన మాటకు అక్కడ కాగితం ఉండదు. అందుకే కొటేషన్‌ను వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపమని మొదటి రోజే అడగండి. ఐడీవీ ఎంత, బోనస్ ఎంత శాతం, ఏ అదనపు రక్షణలు ఉన్నాయో అందులోనే రాయమనండి.